రెండో మేకు

జూన్ 6

అమ్మమ్మా,

క్షేమమే. ముందే రాసేస్తున్నాను, లేకపోతే మొదటి వాక్యంలో క్షేమం లేదని ఉత్తరం తిప్పి పంపుతావు. ఫోనులో చెప్పబోతే "మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టు" అంటావు కాబట్టి కాగితం మీదే పెడుతున్నాను.

కొత్త ఆఫీసు మూడో అంతస్తులో. కింద టైర్ల దుకాణం. మెట్లు ఎక్కేదాకా రబ్బరు వాసన, తలుపు తీయగానే చెక్కిన పెన్సిళ్ళ వాసన. ఇక్కడ మేం ఒక గ్రంథాలయానికి చదువుకునే హాలు కడుతున్నాం. ఆర్కిటెక్టుగారు దానికి ఒక్క స్తంభం కూడా లేకుండా, ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి వంగిన కప్పు గీశారు. కాంక్రీటే, కానీ మందం అరచేతి వెడల్పు దాటకూడదట. "ఎందుకలా వంచారు సార్?" అని అడిగితే "చెయ్యి అలా పోయింది" అన్నారు.

చెయ్యి ఎలా పోయినా కప్పు నిలబడాలి కదా. ఆ బాధ్యత మా మేడమ్‌ది. కట్టడం లెక్కలన్నీ ఆవిడవే, నేను ఆవిడ చేతి కింద. నీ వయసే ఉంటుంది. తెల్ల జుట్టు, చెవి వెనక పెన్సిలు. నేను చేరిన రోజే గోడకు రెండు మేకులు కొట్టి, ఒక సన్నని గొలుసు వేలాడదీసి, దాని కింద అద్దం పట్టుకుని "ఇందులో చూడు" అన్నారు. అద్దంలో గొలుసు తలకిందులై కమానులా నిలబడింది! వేలాడే గొలుసులో ప్రతి లంకె పక్క లంకెను లాగుతుందే తప్ప వంచదు. అదే ఆకారాన్ని తిరగేసి కట్టామనుకో, ప్రతి ముక్కా పక్క ముక్కను నొక్కుతుందే తప్ప వంచదు. అందుకే పలచగా కట్టినా పడదు. "కప్పు ఎలా ఉండాలో మనం తేల్చకూడదు. గొలుసును అడగాలి" అన్నారు.

ఒళ్ళు జలదరించింది అమ్మమ్మా. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళలో నాకెవ్వరూ చెప్పలేదు.

నీ బుడ్డి


జూన్ 14

బుడ్డీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ బ్యాంకుకు వెళ్తోంది, వస్తోంది.

ఉత్తరం రెండుసార్లు చదివాను. సగానికి పైగా ఆవిడే ఉంది. నేను క్షేమం అడగడానికీ, ఉత్తరాలు తిప్పి పంపడానికీ మాత్రం పనికొచ్చాను. సంతోషం.

ఇక "ఇన్నేళ్ళలో నాకెవ్వరూ చెప్పలేదు" అన్న వాక్యం. అప్పుడు నువ్వు ఏడో తరగతి. డాబా మీద బట్టల తాడు. ఖాళీ తాడు ఎలా వంగి ఉందో ముందు చూపించాను. తర్వాత నడిమధ్యన ఒక తడి దుప్పటి వేసి "ఇప్పుడేమైంది?" అన్నాను. "మధ్యలో కోసుగా దిగింది అమ్మమ్మా" అన్నావు. "బరువు ఎక్కడ పడితే తాడు అక్కడ మడత పడుతుంది, గుర్తుపెట్టుకో" అన్నాను. తలూపావు. అది నీలం గళ్ళ దుప్పటి. నాకు గళ్ళతో సహా గుర్తుంది, నీకు పాఠమే గుర్తు లేదు. నేను అద్దం పట్టుకోలేదు, ఒప్పుకుంటాను. బడిలో లెక్కలు చెప్పినదాన్ని, గారడీ చేసినదాన్ని కాదు.

ఆవిడది నా వయసే అని ఎలా తేల్చావు? అడిగావా? జుట్టు చూసి వయసు కట్టడం నేను నేర్పలేదు.

వీలైతే ఆవిడను ఒకటడుగు. ఆ వేలాడే వంపు, విసిరిన రాయి గీసే పరావలయమా, కాదా? చదువుకున్నవాళ్ళలో కూడా చాలామంది అవునంటారు. ఏం చెబుతుందో చూద్దాం.

కింద టైర్ల దుకాణం అన్నావు. అంటుకుంటే ఆరే సరుకు కాదు. దిగడానికి రెండో మెట్ల దారి ఉందా? వెంటనే రాయి.

నీకేమీ చెప్పని మీ అమ్మమ్మ


జూలై 2

నాకు అన్నీ చెప్పిన అమ్మమ్మకు,

క్షేమం. రెండో మెట్ల దారి ఉంది, వెనక వైపు, ఇనుప మెట్లు. తప్పయిపోయింది. దుప్పటి గుర్తొచ్చింది. దాని నీళ్ళు నా నెత్తిన కారాయి, నువ్వు "కదలకు, చూడు" అన్నావు. చలికి వణుకుతూ చూశాను. అందుకే పాఠం మరిచిపోయి ఉంటాను.

నీ ప్రశ్న మేడమ్‌ని అడిగాను. పెన్సిలు చెవి వెనక నుంచి తీశారు. "కాదు. పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, కానీ కాదు. బరువు గొలుసు పొడవునా సమానంగా ఉంటే వచ్చే వంపు వేరు. కింద నేల వెడల్పున సమానంగా పంచితే అప్పుడు పరావలయం" అన్నారు. వెంటనే "ఇది నీ బుర్రలోంచి వచ్చిన ప్రశ్నలా లేదే, ఎవరడగమన్నారు?" అని నవ్వారు. మా అమ్మమ్మ అన్నాను. "మంచి టీచరు" అన్నారు.

ఇంకో వింత చూపించారు. చతురస్రపు చట్రం ఒకటి తీసుకుని, ఎదురెదురు మూలలు రెండింటిని పైకెత్తాలి. తర్వాత ఎదురెదురు అంచుల మధ్య తిన్నని పుల్లలు పేర్చుకుంటూ పోవాలి. ఒక్క పుల్ల కూడా వంగదు, కానీ మొత్తం కలిసి గుర్రపు జీనులా వంపు తిరుగుతుంది! గ్రంథాలయం ముందు వసారాకు ఆ కప్పే. వంపు కప్పు పోయడానికి వంపు చెక్కలు అక్కర్లేదు, మామూలు తిన్నని చెక్కలు చాలు. చూసేవాళ్ళకు అది రెక్క విప్పినట్టు ఉంటుంది, వడ్రంగికి మాత్రం రోజూ చేసే పనే.

హాలు కప్పుకు మేడమ్ మొదట తీసిన గొలుసు గీతను చిన్నదిగా చేసి దీంతో పంపుతున్నాను. మేకుల మధ్య దూరం వెనక రాశాను. నువ్వు వేలాడదీయకుండా ఉండలేవని నాకు తెలుసు. ఈ కప్పు మీద ఆవిడకూ ఆర్కిటెక్టుగారికీ మాటలు లేవు ప్రస్తుతం. కాగితాలు ఆ గదికీ ఈ గదికీ నేనే మోస్తున్నాను. ఆ గొడవ తర్వాత రాస్తాను.

నీ బుడ్డి


జూలై 11

బుడ్డీ,

అందరం బాగున్నాం. ఆవిడ నన్ను మంచి టీచరు అందట. నాకు సర్టిఫికెట్టు ఇవ్వడానికి ఆవిడెవరు? నేనేమైనా దరఖాస్తు పెట్టానా?

పరావలయం ప్రశ్నకు జవాబు సరిగ్గానే చెప్పింది.

పుల్లల జీను చేసి చూశాను. చీపురు విప్పాను. మీ అమ్మ ఇల్లు ఊడవడానికి చీపురు కోసం వెతికి, నా బల్ల మీద అది ఉన్న తీరు చూసి పక్కింటికి చీపురు అడగడానికి వెళ్ళింది. ఒక్క పుల్లా వంచలేదు, అయినా వంపు వచ్చింది. బాగానే ఉంది. ఆవిడ చెప్పకపోయినా అలాగే వచ్చేది.

ఇప్పుడు అసలు విషయం. ఆవిడ గీత తప్పు. నేను తొందరపడి అనడం లేదు. తలుపు పక్క గోడకు నువ్వు రాసిన దూరంలోనే రెండు మేకులు కొట్టి, నా మెడగొలుసు తీసి, ఆవిడ గీత దిగినంత లోతుకే వేలాడదీశాను. వెనక కాగితం అంటించి దాని వెంటే పెన్సిలుతో గీశాను. ఆవిడ గీత అడుగున గుండ్రంగా ఉంది. నాది అడుగున కోసుగా వచ్చింది. నా చేతిని నమ్మక తీసి మళ్ళీ వేశాను, అదే వచ్చింది. గొలుసును అడగాలి అంది కదా, అడిగాను. గొలుసు నా పక్షం. కాగితం దీంతో జత చేశాను. ఆవిడకు చూపిస్తావో, నొచ్చుకుంటుందని దాచిపెడతావో నీ ఇష్టం.

పై అంతస్తు నర్సు పదోన్నతి పరీక్షకు నా దగ్గర లెక్కలు చెప్పించుకుంటోంది. చురుకైన మనిషి. ఒక్కసారి చెబితే చాలు, మరిచిపోదు. నీ కుర్చీలోనే, కిటికీ పక్కన కూర్చుంటుంది. బీరువాలోంచి నా ఇత్తడి కంపాసు పెట్టె తీసి ఆమెకు వాడుకోవడానికి ఇద్దామా అనుకుంటున్నాను.

మీ అమ్మమ్మ


జూలై 30

అమ్మమ్మా,

క్షేమం. కూర్చుని చదువు.

నీ కాగితం చూపించడానికి భయపడి నా బల్ల మీద పుస్తకాల కింద పెట్టాను. కొస కనిపించిందో ఏమో, మేడమ్ లాగి చూశారు. "ఎవరు గీశారు?" అన్నారు. మా అమ్మమ్మ అన్నాను. "గీత ఎక్కడా వణకలేదు" అన్నారు. కాగితం తలకిందులు చేశారు. కోసు మీద పెన్సిలు ఆనించారు. తర్వాత "మధ్యలో ఏం కట్టింది?" అన్నారు.

"ఏమీ కట్టలేదు మేడమ్, మెడగొలుసు అంతే."

"లేదమ్మా. మధ్యలో ఏదో బరువుంది. కనుక్కో."

ఇప్పుడు ఆ గొడవ చెబుతాను. గ్రంథాలయం వాళ్ళు హాల్లోకి పగటి వెలుగు కావాలన్నారు. దాంతో ఆర్కిటెక్టుగారు కప్పు నడినెత్తిన, ఈ చివరి నుంచి ఆ చివరికి, ఇనుప చట్రంతో గాజు కిటికీ పెట్టారు. మేడమ్ ఏమన్నారంటే, నెత్తిన అంత బరువు కూర్చున్నాక ఇక గుండ్రటి కప్పు కుదరదు, అక్కడ కోసుగా లేవాలి, లేదా మందం రెండింతలు చేయాలి. ఆయనేమో "నేను గుడారం కట్టడం లేదు" అని తలుపేసుకున్నారు. మేడమ్ అంకెలన్నీ వేసి పంపినా చూడలేదు.

మేడమ్ నీ కాగితం తీసుకెళ్ళి తిరగేసి ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఇది గుడారం కాదే" అన్నారు. "చదువుతూ చదువుతూ లేచి వెళ్ళినవాళ్ళు బోర్లా పెట్టిన పుస్తకం!" ఆ రోజే ఒప్పుకున్నారు. మా కిటికీ బరువుకు నీ కోసు కొంచెం ఎక్కువ, దాన్ని కాస్త తగ్గించాం. మందం అరచేతి వెడల్పే నిలిచింది. ఇప్పుడు ఆఫీసులో అందరూ ఆ గీతను "అమ్మమ్మ గీత" అంటున్నారు. మేడమ్ పెట్టిన పేరే.

కవరు మీద నువ్వు రాసిన పేరు చూసి ఆవిడ నన్ను కూడా బుడ్డీ అని పిలుస్తున్నారు. భలే నవ్వొచ్చింది.

డిసెంబరులో ఆవిడ పదవీ విరమణ. కానుక ఏమివ్వాలా అని మేమందరం తలలు బద్దలు కొట్టుకుంటున్నాం. అన్నట్టు, ఆ ఇత్తడి కంపాసు పెట్టె నాకు పంపగలవా? త్వరగా. ఎందుకని అడగకు.

నీ బుడ్డి


ఆగస్టు 8

నీకు,

క్షేమమే.

మధ్యలో ఏ బరువూ లేదు. నాకు కళ్ళున్నాయి. ఊరు కాని ఊళ్ళో కూర్చుని, నా గోడ చూడకుండా, నా గొలుసు చూడకుండా, నేనేదో కట్టానని చెప్పే అధికారం ఆవిడకు ఎవరిచ్చారు? నేను పంపిన గీతతో తన పంతం నెగ్గించుకుని, పైగా నా లెక్కలో తప్పు పడుతోంది.

నా గీత చివరికి బోర్లా పెట్టిన పుస్తకమైందన్నమాట. పుస్తకం బోర్లా పెడితే వీపు విరుగుతుందని నీకు చెవి మెలేసి చెప్పినదాన్ని నేను. ఇప్పుడు దాని కిందే కూర్చుని ఊరంతా పుస్తకాలు చదవాలి, దానికి నా పేరు. భలే మర్యాద.

బుడ్డి అన్నది నేను పెట్టిన పేరు. నెల తక్కువ పిల్లవని, అరచేతిలో ఇమిడావని పెట్టాను. మీ అమ్మ కూడా ఆ పేరుతో పిలవదు, నాకే వదిలేసింది. కవరు మీద రాసినంత మాత్రాన దారిన పోయేవాళ్ళందరికీ పంచినట్టా? నీకు నవ్వొచ్చిందట. నాకు రాలేదు.

ఇక చివరిది. పదవీ విరమణ కానుక దొరకడం లేదని ఒక వాక్యం, ఆ పక్కనే కంపాసు పెట్టె పంపు, ఎందుకని అడగకు అని ఇంకో వాక్యం. నాకు కూడిక రాదనుకున్నావా? అది నా మొదటి జీతంతో కొనుక్కున్న పెట్టె. మీ అమ్మకు ఇవ్వలేదు, నీకే ఇంకా ఇవ్వలేదు. ఆవిడ బల్ల మీదికి పోదు. పూలగుత్తి కొనండి.

మీ అమ్మమ్మ
(గీతలో ఉన్న అమ్మమ్మ కాదు)


ఆగస్టు 20

అమ్మమ్మా,

నీ కూడిక తప్పు. నీకు తప్పు మార్కు వేయడం జీవితంలో ఇదే మొదటిసారి, అయినా వేస్తున్నాను.

పెట్టె అడిగింది మేడమ్‌కు కాదు, నాకు. ఒక్కసారి చెబితే మరిచిపోని నర్సు, నా కుర్చీలో, నా కిటికీ పక్కన, ఇప్పుడు ఆ పెట్టె కూడానా? వృత్తలేఖిని కాలు వదులైతే కాగితం ముక్క మడిచి దోపింది నేను. మూత ఎటు నొక్కితే తెరుచుకుంటుందో నాకు తెలుసు, ఆమెకు తెలుసా? ఆమె చేతిలో పడకముందే తెప్పించుకుందామనుకున్నాను. ఇంత వయసొచ్చి ఇలా రాయడానికి సిగ్గేసి కారణం రాయలేదు. ఇప్పుడు రాశాను. నవ్వుకో.

ఇంకోటి కూడా ఉంది. డిసెంబరు తర్వాత మేడమ్ ఉండరు. ఆవిడ స్థానంలో లెక్కల కింద సంతకం నాది. పలచటి కప్పు, దాని కింద రోజూ జనం. రాత్రుళ్ళు లేచి ఆ అంకెలే మళ్ళీ మళ్ళీ కూడుతున్నాను. బల్ల మీద నీ పెట్టె ఉంటే కాస్త ధైర్యంగా ఉంటుందనిపించింది. ఈ భయం ఎవరికి చెప్పను? నీకు చెబితే ఆవిడను తిడతావు. ఆవిడకు చెబితే, అంతా విని, చివర్లో "మీ అమ్మమ్మ గొలుసు మధ్యలో ఏముందో కనుక్కున్నావా?" అంటారు. మీరిద్దరూ అటొకరు ఇటొకరు, మధ్యలో నేను వేలాడుతున్నాను.

బుడ్డి

ఆ పేరుతో పిలవొద్దని మేడమ్‌కు చెప్పాను. "మీ అమ్మమ్మ సొంతమా? అయితే తప్పే" అన్నారు. మళ్ళీ పిలవలేదు.


సెప్టెంబరు 2

బుడ్డీ,

అందరం బాగున్నాం.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. గొలుసు మధ్యలో ఏముంది అన్న చోటికి వచ్చేసరికి మీ అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. "ఎందుకే నవ్వు?" అన్నాను. నవ్వు ఆపుకోలేక నా మెడ వైపు వేలు చూపించింది. "అమ్మా, బీరువా తాళంచెవి!"

గొలుసుకు చిన్న రింగుతో ఉంటుంది కదా. స్నానానికి కూడా తీయను. గోడకు గొలుసు వేసినప్పుడూ అది అక్కడే, నా కళ్ళ ముందే ఉంది. ఎటు జరిపినా జారి మధ్యకే వచ్చేది. చూశాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు. ఎన్నో ఏళ్ళుగా మెడలో ఉన్నది, నాకు అదీ గొలుసే. తడి దుప్పటి వేసి చూపించింది నేను. ఆ పాఠం నామీదే తిరగబడితే, ఒక్క గీత చూసి పట్టుకున్నది ఆవిడ. కోపం వచ్చింది, ఇంకా పూర్తిగా పోలేదు. కానీ తప్పు తప్పే. మధ్యలో తాళంచెవి ఉందని ఆవిడకు చెప్పు. అంతే చెప్పు, నీ సొంతంగా ఏమీ చేర్చకు.

నర్సుకు పెట్టె తీయలేదు. ఆమె పరీక్షలో శాతాలే ఉన్నాయి, వృత్తాలతో పనే లేదు. నిన్న చెప్పింది ఇవాళ అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తుంది. అప్పట్లో ఆవిడ కబుర్లతో నిండిన నీ ఉత్తరం చదివాక, ఒక్కసారి చెబితే మరిచిపోదని నీకు రాయాలనిపించింది, రాశాను.

పెట్టె రిజిస్టర్డు పార్సిల్లో పంపాను. నువ్వు దోపిన కాగితం ముక్క అలాగే ఉంది, తీయకు. ఆవిడ చూస్తానంటే చూపించు. పట్టుకుంటానంటే చేతులు కడుక్కోమను.

పెట్టె వెళ్ళిపోయాక బీరువాలో తాళం వేయాల్సినంతటిది ఏమీ మిగల్లేదు. తాళంచెవిని బీరువాకే వదిలేశాను. గొలుసు ఒక్కటే మళ్ళీ గోడకు వేసి చూశాను. అడుగున గుండ్రంగా వచ్చింది. ఆవిడ గీత మీద పెట్టి చూస్తే ఎక్కడా తేడా లేదు. ఇది కూడా చెప్పవచ్చు.

గొలుసు తీస్తుంటే ఒక మేకు ఊడి చేతిలోకి వచ్చింది. అంతవరకూ అంత అందంగా వంగి ఉన్నది, రెండో వైపు ఆధారం పోగానే మిగిలిన మేకు నుంచి నిటారుగా కిందికి జారిపోయింది. వంపూ లేదు, తిరగేస్తే కమానూ లేదు. కాసేపు ఆ మేకు పట్టుకుని నిలబడ్డాను. మీ అమ్మ వచ్చి "ఏమైంది?" అంటే "ఏమీ లేదు, సుత్తి తీసుకురా" అన్నాను. మేకు మళ్ళీ కొట్టించాను.

మధ్యలో వేలాడుతున్నానని రాశావు. వేలాడితేనే ఆకారం వస్తుంది. ఆవిడ పదవీ విరమణ చేసినా ఎటూ పోదు కదా. ఇంటి చిరునామా ఇప్పుడే రాసిపెట్టుకో. సంతకం పెట్టే ముందు వెళ్ళి అడుగు. నన్నూ అడుగు. ఇద్దరి జవాబులూ కలవకపోతే మళ్ళీ లెక్క చెయ్యి. భయం ఉండనీ, దాని కింద జనం కూర్చుంటారు.

హాలు తెరిచే రోజుకు నేను వస్తాను. ఆవిడ పక్కన నాకు కుర్చీ వేయించు. ఆ కప్పు కింద ఎవరైనా పుస్తకం బోర్లా పెడితే మాత్రం, ఆర్కిటెక్టుగారైనా సరే, ఊరుకోను.

ఇంకొక్క మాట. మొదటి మేకు నాది. అది ఆవిడకు నువ్వు చెప్పనక్కర్లేదు. పక్కనే కూర్చుంటాను కదా, నేనే చెబుతాను.

మీ అమ్మమ్మ